పంది సంగతి సరే, మనకేం కాదు కదా?

పందులకు ఏదో వైరస్ జబ్బు వచ్చిందని పేపర్లో మూడు వాక్యాల వార్త పడితే చాలు, ఊరూరా ఒకటే ప్రశ్న: ‘‘తినొచ్చా?’’ వారం వారం పంది మాంసం వండుకునేవాడు అడుగుతాడు. జన్మలో ముట్టనివాడు ఇంకా గట్టిగా అడుగుతాడు. కోడి మాత్రమే తినేవాడు పనిలో పనిగా కోడి గురించి కూడా అడిగి పెట్టుకుంటాడు. టీవీ స్టూడియోలో డాక్టరు గారు గొంతు సవరించుకుని ‘‘మనుషులకు సోకదండీ’’ అంటారు. యాంకరమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. ప్రకటనల విరామం. పంది కథ కంచికి, మనం వంటింటికి.

ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు. కాకి కనీసం ఎద్దు మీదే వాలుతుంది. మనం అంత దూరం కూడా వెళ్లం.

డాక్టరు గారి జవాబులో తప్పేమీ లేదు. ఇప్పుడు అందరూ భయపడుతున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గురించి శాస్త్రవేత్తలు తొలిసారి రాసింది 1921లో, కెన్యా పందుల్ని చూసి. వందేళ్లు దాటింది. ఆఫ్రికా నుంచి ఐరోపాకు, అక్కడి నుంచి ఆసియాకు పాకి కోట్ల పందుల్ని పొట్టన పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి సోకిన దాఖలా లేదు. ఈ జబ్బు పడ్డ పంది మాంసం తెలియక తిన్నవాళ్లు ఎన్ని దేశాల్లో ఎంతమందో! ఈ వైరస్ వల్ల వాళ్లలో ఒక్కరికీ ఒళ్లు వెచ్చబడలేదు. పంది జాతినీ, కొన్ని రకాల పిడుదుల్నీ దాటి బయటికి రావడం దానికి చేతకాదు. పందికి మాత్రం యమపాశమే. తీవ్రమైన రకమైతే విపరీతమైన జ్వరం వస్తుంది, చెవులు, పొట్ట ఎర్రగా కందిపోయి నీలం తిరుగుతాయి, మేత మానేస్తుంది, వారం పది రోజుల్లో పడిపోతుంది. సోకిన నూటిలో దాదాపు నూరూ పోతాయి. మందు లేదు.

కాబట్టి మనకేం కాదు. సంతోషం. ఇక రెండో ప్రశ్న అడుగుదాం: మన వల్ల పందికేం కాదు కదా? ఈ ప్రశ్న ఏ స్టూడియోలోనూ వినపడదు. జవాబు మరీ సిగ్గుచేటుగా ఉంటుంది.

ఈ వైరస్ ఆఫ్రికా దాటి ఐరోపాలో అడుగుపెట్టింది 1957లో, లిస్బన్‌లో. పంది ఈదుకుంటూ రాలేదు, విమానంలో వచ్చింది. అంటే పంది కాదు, ప్రయాణికులు తినగా మిగిలిన మాంసం ముక్కలు. విమానాశ్రయం దగ్గరి పందులకు ఆ ఎంగిలి వేశారు. ఆ విడత అణచారు గానీ 1960లో మళ్లీ వచ్చింది. స్పెయిన్, పోర్చుగల్ దాన్ని వదిలించుకునేసరికి 1990లు వచ్చాయి. 2007లో జార్జియా దేశంలో నల్లసముద్రం ఒడ్డున పోతి అనే రేవు పట్టణం దగ్గర మళ్లీ తేలింది. ఈసారి ఓడలో మిగిలిన ఎంగిలి మీద అనుమానం. ఆ ఎంగిలి పుణ్యాన రష్యా, పోలండ్ అన్నీ చుట్టి 2018 ఆగస్టులో చైనాలోని షెన్యాంగ్ చేరింది. ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం ఉన్న దేశమది. అక్కడి తొలి కేసుల్లో చాలావాటికి కారణం హోటళ్ల ఎంగిలి మేపడమేనని వాళ్లే తేల్చారు. సర్కారు లెక్క ప్రకారమే 2019 సెప్టెంబరు నాటికి దేశంలో పందుల సంఖ్య అంతకు ముందు ఏడాది కంటే 40 శాతం తగ్గింది.

ఇంతలో అక్కడి దళారుల తెలివి చూడండి. చైనా అధికారిక వార్తా సంస్థకు చెందిన పత్రికే 2019 డిసెంబరులో రాసింది: ఊళ్లో జబ్బు వచ్చిందని పుకార్లు పుట్టించడం, దారిలో చచ్చిన పందుల్ని పడేయడం, కొన్నిచోట్ల డ్రోన్లతో వైరస్ తగిలిన సరుకు ఫారాల్లో జారవిడవడం, రైతు బెదిరి అగ్గువకు అమ్మితే కొని ధర ఎక్కువున్న రాష్ట్రంలో అమ్ముకోవడం. వైరస్‌కు కాళ్లు లేవన్న లోటు మనిషి రెక్కలిచ్చి తీర్చాడు.

పందులకే ఒక ఆరోగ్య శాఖ ఉంటే ఈపాటికి దండోరా వేయించి ఉండేది: ‘‘ఇందుమూలంగా యావన్మంది వరాహ ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, మనుషులనే రెండు కాళ్ల జంతువుల వల్ల ప్రాణాంతక వ్యాధి వ్యాపిస్తున్నది. చేతిలో టిఫిన్ డబ్బా, కాళ్లకు పక్క ఊరి బురద, వెనకాల కడగని లారీ, ఇవి ఆ జంతువును గుర్తించు లక్షణములు. అది ప్రేమతో పెట్టు ఎంగిలి తినరాదు. అది ‘ఏం కాదులే’ అన్నచో తక్షణమే పరుగెత్తవలెను.’’

ఆ దండోరాలో అతిశయోక్తి ఏమీ లేదు. ఈ వైరస్‌ను చంపడానికి 70 డిగ్రీల సెల్సియస్ వేడి అరగంట తగిలితే చాలు. మన ఇళ్లలో కూర ఉడికే తీరుకు అదొక లెక్క కాదు. కానీ ఉప్పులో ఊరబెట్టి గాలికి ఆరబెట్టిన మాంసంలో నెలల తరబడి బతుకుతుంది, గడ్డకట్టించి దాస్తే ఏళ్ల తరబడి నిద్రపోయి లేస్తుంది. అందుకే ప్రమాదమంతా ఉడకని ముక్కలో, పారేసిన సగం శాండ్‌విచ్‌లో, సూట్‌కేసులో బట్టల మధ్య దాచిన సాసేజ్‌లో ఉంది. మనం తిన్నది మనకేమీ చెయ్యదు. మనం తినకుండా పారేసింది పక్క ఊరి పందుల్ని ఊడ్చేస్తుంది. తైవాన్ ఈ ముక్క అర్థం చేసుకుని, జబ్బున్న దేశాల నుంచి పంది మాంసం తెచ్చినవాళ్లకు 2018 డిసెంబరు నుంచి తొలి తప్పుకే రెండు లక్షల తైవాన్ డాలర్ల జరిమానా వేసింది. మళ్లీ తెస్తే పది లక్షలు. డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. జనం కంటే పందులే ఎక్కువున్న దేశమది. అడవి పందులు రాకుండా జర్మనీ సరిహద్దు వెంబడి దాదాపు 70 కిలోమీటర్ల కంచె కట్టి 2019 డిసెంబరుకు పూర్తి చేసింది. రోడ్లున్న చోట కంచెకు ఖాళీలు వదలక తప్పలేదు పాపం. అడవి పంది కంచె దగ్గర ఆగిపోవాలి, లారీ డ్రైవరు టిఫిన్ డబ్బాతో సహా దర్జాగా వెళ్లిపోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది అజాగ్రత్త. అసలు ఘనకార్యం చూడాలంటే 2009కి వెళ్లాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో కొత్త ఫ్లూ బయటపడింది. పందుల్లో తిరిగే ఫ్లూ వైరస్‌ల జన్యువులు అందులో ఉన్నాయని దానికి స్వైన్ ఫ్లూ అని పేరు పెట్టారు. అది వ్యాపించింది మనిషి నుంచి మనిషికి, దగ్గుతో, తుమ్ముతో. వండిన పంది మాంసం వల్ల రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంది. ఏప్రిల్ 30న పేరు కూడా మార్చి ఇన్‌ఫ్లుయెంజా ఎ హెచ్1ఎన్1 అని పిలవమంది. ఎవరు వింటారు? రష్యా, చైనా సహా చాలా దేశాలు ఉత్తర అమెరికా పంది మాంసం దిగుమతులు ఆపేశాయి. జబ్బు మోసుకొచ్చే మనుషుల విమానాలు మాత్రం చాలావరకు దిగుతూనే ఉన్నాయి.

ఈజిప్టు అందరికంటే చురుకైనది. పేరు మార్చడానికి ఒక రోజు ముందే, ఏప్రిల్ 29న, దేశంలోని పందులన్నిటినీ చంపమని ఆదేశించింది. మూడు లక్షల దాకా ఉంటాయని అంచనా. అప్పటికి ఆ దేశంలో ఒక్క మనిషికీ ఈ ఫ్లూ లేదు. ఇది అర్థం లేని పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, జంతు ఆరోగ్య సంస్థ చెబితే, ‘అబ్బే, ఇది ఫ్లూ కోసం కాదు, సాధారణ పారిశుద్ధ్య చర్య’ అని అధికారులు మాట మార్చారు. ఆ పందులెవరివో తెలిస్తే ఆ ఉత్సాహానికి కారణం కూడా తెలుస్తుంది. కైరో శివార్లలో ముకత్తమ్ గుట్ట పక్కన జబ్బాలీన్లు అనే చెత్త ఏరుకునే జనం ఉంటారు. ఎక్కువమంది కాప్టిక్ క్రైస్తవులు, పేదలు. ఊరి చెత్తంతా ఇంటింటికీ తిరిగి తెచ్చి, కాగితం, ప్లాస్టిక్, గాజు విడదీసి అమ్ముకుంటారు. కుళ్లే చెత్త పందులకు వేస్తారు. పందులు అమ్ముకుని పిల్లల్ని సాకుతారు. అంటే జీతం, పింఛను, సమ్మె ఏవీ లేని పారిశుద్ధ్య సిబ్బంది మూడు లక్షల మందిని సర్కారు ఒక్క సంతకంతో చంపించింది. కొన్నిచోట్ల ఎంత ఘోరంగా చంపారో వీడియోలతో సహా పత్రికలకెక్కింది.

తర్వాత ఏం జరిగింది? జూన్‌లో ఈజిప్టులో తొలి స్వైన్ ఫ్లూ కేసు వచ్చింది, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికురాలి రూపంలో. పందుల్ని చంపడం మొదలెట్టాక వచ్చిన ‘పంది జబ్బు’ అది. ఆ ఏడాది చివరికి కైరో వీధుల్లో తిండి చెత్త గుట్టలు పడి కుళ్లింది. తినే పందులు లేవు, తీసుకెళ్లే జబ్బాలీన్లకు లాభం లేదు. ప్రజారోగ్యం కోసం చేపట్టిన చర్య ఈగలకూ ఎలుకలకూ మహదానందం కలిగించింది.

కాబూల్‌ది దానికి చిన్నతమ్ముడి కథ. అక్కడి జంతు ప్రదర్శనశాలలో ఖంజీర్ అనే పంది ఉండేది. 2002లో చైనా ఇచ్చిన బహుమతి. అఫ్ఘానిస్థాన్ మొత్తంలో తెలిసిన పంది అదొక్కటే. 2009 మేలో సందర్శకులు భయపడుతున్నారని దాన్ని తీసుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టారు. దేశంలో ఇంకో పందే లేదు, దానికి జబ్బు అంటించే నాథుడు లేడు, మెక్సికో వెళ్లొచ్చిన చరిత్ర అసలే లేదు. యుద్ధం నడుస్తున్న దేశంలో జనం భయపడిందీ, అధికారులు గట్టి చర్య తీసుకోగలిగిందీ ఆ ఒంటరి పంది మీదే.

మనం నవ్వుకోనక్కర్లేదు. ఇండియాలో తొలి స్వైన్ ఫ్లూ కేసు అదే మే నెలలో తేలింది మన హైదరాబాద్‌లోనే. వచ్చింది పందుల దొడ్డి నుంచి కాదు, న్యూయార్క్ నుంచి, విమానంలో. అయినా ఆ రోజుల్లో మన పట్టణాల్లో అనుమానపు చూపులన్నీ పడింది మురికి కాలవ దగ్గర తిరిగే నల్ల పందుల మీద. విదేశాల నుంచి వచ్చిన అల్లుడి దగ్గు మీద ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఆ వైరస్‌ను మనుషులే చాలా దేశాల్లో పందులకు అంటించారు. పందులు పరువునష్టం దావా వేసే వీలు లేకపోబట్టి సరిపోయింది.

తినడం వల్ల నిజంగా సోకే పంది వైరస్ ఒకటుంది. దాని పేరు చెప్పి ఎవరూ భయపెట్టరు. హెపటైటిస్ ఇ. కొన్ని దేశాల్లో పందుల్లో ఇది మామూలే. తమాషా ఏమిటంటే పందికి దీనివల్ల ఏమీ కాదు. బొద్దుగా, నున్నగా, ఆరోగ్యంగా ఉంటుంది. పచ్చి కాలేయం, సరిగా ఉడకని మాంసం తిన్న మనిషికి కామెర్లు రావచ్చు. అంటే చస్తున్న పందిలోని వైరస్ మనల్ని ఏమీ చెయ్యదు, నిగనిగలాడే పందిలోని వైరస్ ఆస్పత్రికి పంపగలదు. సంతలో చెవులూ తోకా చూసి మాంసం ఎంచే నిపుణులు ఈ సంగతి గమనించాలి. జపాన్‌లో 2012లో పచ్చి ఆవు కాలేయం వడ్డించకూడదని నిషేధిస్తే కొన్ని హోటళ్లు పచ్చి పంది కాలేయం మొదలుపెట్టాయి. 2015 జూన్‌లో దాన్నీ నిషేధించాల్సి వచ్చింది. నాలుక ముందు నాగరికత ఏపాటిది!

మన దేశంలో మాత్రం హెపటైటిస్ ఇ కోసం అంత ఖర్చు పెట్టి పంది కాలేయం తినక్కర్లేదు. కుళాయి తిప్పితే చాలు. ఇక్కడ ఎక్కువగా కామెర్లు తెచ్చే రకం మనుషులదే, మలం కలిసిన తాగునీటితో వస్తుంది. 1955 డిసెంబరు, 1956 జనవరిల్లో దేశ రాజధానిలో యమునలోకి చేరిన మురుగు తాగునీటిలో కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఈ వైరస్సేనని తర్వాత తేలింది. తాగునీటి పైపూ మురుగు కాలవా కౌగిలించుకునే మన పట్టణాల్లో ‘పంది మురికి జంతువండీ’ అని ముక్కు మూసుకునే పెద్దమనుషులు ఆ నీళ్లే వడబోసుకుని తాగుతున్నారు.

సరే, పంది నిర్దోషి, పండగ చేసుకుందాం అనుకునేవాళ్లకూ ఒక మాట. పందుల వైరస్‌లన్నీ మనిషిని వదిలేసేవి కావు. 1998–99లో మలేసియాలో నిపా వైరస్ వచ్చింది. పందుల కొట్టాల పక్కన పండ్ల తోటలు, చెట్ల మీద గబ్బిలాలు, అవి కొరికి పడేసిన పండ్లు పందుల దొడ్లో. పందుల నుంచి మనుషులకు పాకింది. 265 మందికి మెదడువాపు, 105 మంది మృతి. పది లక్షలకు పైగా పందుల్ని చంపారు. పోయింది ఎవరు? పంది మాంసం తిన్నవాళ్లు కాదు. పందుల్ని పెంచినవాళ్లు, ఎత్తి లారీ ఎక్కించినవాళ్లు, కోసినవాళ్లు. సింగపూర్‌లో 11 మందికి సోకితే అందరూ కబేళాలో పనిచేసేవాళ్లే. మొదట్లో అధికారులు దీన్ని దోమలతో వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని నెలల తరబడి పొగ కొట్టారు, టీకాలు వేశారు. ఈలోగా బెదిరిన రైతులు పందుల్ని వేరే రాష్ట్రానికి అమ్మేశారు, జబ్బు వాటితో పాటే వెళ్లింది. అక్కడ కూడా పట్టణాల్లో అడిగిన ప్రశ్న ‘తినొచ్చా’ అనే. తినేవాడికేం ఢోకా లేదు. ఆ పళ్లెంలోకి ముక్క చేర్చినవాడి సంగతి ఎవరికి కావాలి?

ఇక్కడ మన నాయకుల సేవ కూడా చెప్పుకోవాలి. బర్డ్ ఫ్లూ వచ్చిన ప్రతిసారీ చికెన్ మేళాలు పెట్టి, కెమెరా ముందు లెగ్ పీస్ కొరికి ప్రజలకు ధైర్యం చెబుతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఆ సందడంతా చూశాం, ఉచిత చికెన్ కోసం బారులు తీరిన జనంతో సహా. బాగా ఉడికిన చికెన్‌తో ప్రమాదం లేదన్నది నిజమే కనుక తప్పు పట్టను. కానీ పంది మాంసం మేళా ఎప్పుడైనా చూశారా? ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ విషయంలో ఆ ధైర్యం చెప్పడం ఇంకా తేలిక, వైరస్ మనిషికి సోకనే సోకదు. అయినా ఏ మంత్రీ పంది ముక్క పట్టుకుని ఫొటో దిగడు. కోడికి కోట్ల పెట్టుబడి ఉంది, సంఘాలున్నాయి, గుడ్డుకు జాతీయ సమన్వయ కమిటీ కూడా ఉంది. పందికి ఎవరున్నారు? తెలుగు నేల మీద దాన్ని తరతరాలుగా సాకింది ఎక్కువగా ఎరుకల కుటుంబాలు. వాళ్లకు పురపాలక సంఘం గుర్తొచ్చేది నోటీసు వచ్చినప్పుడే. తిరుమలలో తొలి దర్శనం వరాహస్వామిదే. కొండ దిగాక ఆ రూపం పారిశుద్ధ్య సమస్య.

అసలు జబ్బు మాంసం మార్కెట్లోకి ఎలా వస్తుందో చూస్తే ‘తినొచ్చా’ అని అడిగేవాళ్ల మీదే జాలేస్తుంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో పందులు పడిపోవడం మొదలైంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దేశంలో అదే మొదలు. భోపాల్‌లోని ప్రయోగశాల తేల్చేసరికి లాక్‌డౌన్. చచ్చిన పందులు వాగుల్లో, నదుల్లో తేలుతూ వచ్చాయి. కజిరంగాలో అడవి పందులకు సోకకుండా రెండు కిలోమీటర్ల పొడవున ఆరడుగుల లోతు కందకం తవ్వారు. వధకు కేంద్రం సరేనన్నా అస్సాం ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. 2021లో మిజోరంలో ఒక్క ఏడాదిలోనే 33 వేలకు పైగా పందులు పోయాయి. పంది మాంసం లేకుండా పండగ లేని, పెళ్లి లేని రాష్ట్రమది. బడి ఫీజు, పురుడు ఖర్చు అన్నీ పెరట్లో పంది మీదే. 2022 జులైలో కేరళలో వయనాడ్ వంతు వచ్చింది.

మేత మానేసిన పంది ముందు నిలబడ్డ రైతు ఏం ఆలోచిస్తాడు? 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం పశువైద్యుడికి చెప్పాలి. చెబితే చుట్టూ కిలోమీటరు లోపల పందులన్నిటినీ చంపుతారు, పక్కింటివాటితో సహా. పరిహారం లెక్క అధికారులు వధించిన పందులకు. అది చేతికొచ్చేసరికి ఇంకో పంది పుట్టి పెరిగి ముసలిదవుతుంది. చెప్పకపోతే? ఇవాళ సాయంత్రమే వచ్చినకాడికి అమ్ముకోవచ్చు. చట్టం నేరమంటుంది, ఆకలి తెలివంటుంది. అలా వైద్యుడు చూడని, ముద్ర పడని, దేనివల్ల పడిపోయిందో తెలియని పంది మాంసం చవగ్గా బజారుకు వస్తుంది. దాన్ని తినకూడదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనిషికి సోకుతుందని కాదు, దానికి సోకింది అదొక్కటేనని ఎవరూ పరీక్షించలేదు గనక. జబ్బు పంది ఒంట్లో ఇంకే సూక్ష్మజీవులు చేరాయో, చివరి రోజుల్లో ఏ మందులు పొడిచారో రాసిపెట్టిన కాగితం ఉండదు. ఆ మాంసం కడిగిన నీళ్లు, ఎముకలు, మిగిలిన ముక్కలు ఇంకో దొడ్లోకి చేరతాయి. వైరస్ కోరుకునేది అంతే.

కనుక పంది మాంసం తినేవాళ్లకు నా మనవి: పశువైద్యుడి తనిఖీ ఉన్నచోట కొనండి, బాగా ఉడికించండి, అంతుబట్టకుండా ధర సగానికి పడిపోయిందంటే సంచీ మడిచి ఇంటికి రండి. పెంచేవాళ్లకు: పందులు వరసగా పడిపోతుంటే పశువుల ఆస్పత్రికి కబురు చేయండి, కళేబరాన్ని కాలవలో పడేయకుండా లోతుగా పాతి సున్నం చల్లండి, హోటల్ ఎంగిలి మరగబెట్టకుండా వేయకండి. అధికారులకు: పరిహారం ముందు ఇప్పించండి, ఉపన్యాసం తర్వాత చెప్పవచ్చు. ఇక పంది పేరెత్తితేనే లెంపలేసుకునే శుద్ధ శాకాహార పాఠకులకు: మొన్న మీ ఇంటి పెళ్లిలో పక్క హాలు విందు ఎంగిలీ మీ విస్తళ్లూ ఒకే డ్రమ్ములో పడ్డాయి. ఆ డ్రమ్ము ఎవరి దొడ్డికి వెళ్లిందో క్యాటరర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి.